అప్‌డేట్: నాన్నగారికి చిన్న కోతతో బైపాస్ అయింది (విశాఖ)

నాన్నగారికి (64) ఎల్‌ఏడీలో (గుండె ముందువైపు ఉండే ముఖ్యమైన రక్తనాళం) బ్లాక్, స్టెంట్ కుదరదన్నారు, రొమ్ము ఎముక కోయకుండా బైపాస్ చేస్తారా అని రెండు నెలల క్రితం అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. యాంజియోగ్రామ్ సీడీ పట్టుకెళ్లి ఇంకో సర్జన్‌కి చూపించమన్న సలహాయే పనిచేసింది.

మొదటిచోట ఎముక కోయాల్సిందే అన్నారు. ఆరిలోవ హెల్త్ సిటీలో రెండో సర్జన్ సీడీ చూసి, బ్లాక్ ఆ ఒక్క నాళంలోనే ఉంది కాబట్టి ఎడమవైపు పక్కటెముకల మధ్య చిన్న కోత చాలన్నారు. ఛాతీ లోపలి ధమనిని తెచ్చి, గుండె కొట్టుకుంటుండగానే బ్లాక్ దాటిన చోట కుట్టారు. గుండె ఆపినప్పుడు దాని బదులు రక్తం తిప్పే హార్ట్-లంగ్ మెషిన్ వాడలేదు. మూడు నాళాల్లో బ్లాకులుంటే చాలామందికి ఎముక కోసే చేస్తారట.

నేను అసలు ఊహించనిది ఊపిరితిత్తుల పరీక్ష. ఆపరేషన్‌లో ఎడమ ఊపిరితిత్తికి కాసేపు గాలి ఆపుతారు, అది తట్టుకోగలరా అని ముందే చూస్తారు. నాన్నగారు ఏళ్లతరబడి చుట్ట కాల్చిన మనిషి, రిపోర్టు వచ్చేదాకా ఒకటే టెన్షన్. షుగర్ అడ్డం కాలేదు, పైగా ఎముక కోయకపోతే అక్కడ ఇన్‌ఫెక్షన్ భయం ఉండదన్నారు. రోబోతో చేసే ఆపరేషన్ గురించి అప్పట్లో నేను అడిగిందంతా అనవసరమైంది.

కోత చిన్నదైనా మొదటి వారం పక్కటెముకల నొప్పి గట్టిగానే ఉంది, దానికి సిద్ధంగా ఉండండి. ఇప్పుడు పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తున్నారు.