నవల కథాక్రమానికి టారో కార్డులను ఎలా వాడుకోవాలి?

నేను రాస్తున్న నవలలో పాత్రలను ఊహించుకోవడానికి, జోస్యం చెప్పేవారు వాడే టారో బొమ్మల కార్డులను ఉపయోగిస్తున్నాను. జోస్యం మీద నాకు నమ్మకం లేదు. 15వ శతాబ్దపు ఉత్తర ఇటలీలో ఇవి ఆట ముక్కలుగానే పుట్టాయి కనుక, కథ కోసం వాడుకోవడంలో అపచారమేమీ లేదనుకుంటాను. నా దగ్గరున్నది 1909లో పమేలా కోల్‌మన్ స్మిత్ బొమ్మలతో వెలువడిన కట్ట. అందులో 22 పెద్ద కార్డులకే కాక, 56 చిన్న కార్డులకు కూడా బొమ్మలు ఉండడం నాకెంతో కలిసివచ్చింది. ఒలికిపోయిన మూడు కప్పులనే చూస్తూ, వెనక నిలిచి ఉన్న రెండింటిని గమనించని ‘ఫైవ్ ఆఫ్ కప్స్’ మనిషిలో నా కథానాయిక తండ్రి స్వభావం దాదాపు పూర్తిగా దొరికింది.

చిక్కంతా కథాక్రమంతోనే వచ్చింది. పది కార్డులను సెల్టిక్ క్రాస్ అనే వరుసలో, ఒక్కొక్క స్థానానికి ఒక్కొక్క అర్థం ఉండేలా పరిచి, ఒక్కొక్క స్థానాన్ని ఒక్కొక్క అధ్యాయంగా తీసుకుంటే, సంఘటనలు ఒకదాని తరువాత ఒకటి వస్తున్నాయే గాని, ఒకదానికొకటి కారణం కావడం లేదు. పైగా ‘టవర్’ వంటి కార్డు రాగానే కథ అనవసరంగా విపత్తు వైపు మళ్ళుతోంది.

ఈ పద్ధతిలో రాసిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు. కార్డులను సంఘటనలుగా కాక, ఒక పాత్ర కోరికగా, భయంగా, అడ్డంకిగా చదవడం మేలా? కథకు పొసగని కార్డును పక్కన పెట్టి మరొకటి తీయవచ్చునా, లేక ఆ పొసగనితనంతోనే పెనుగులాడాలా? తలకిందులుగా వచ్చిన కార్డును మీరు పాత్ర దాచుకున్న విషయంగా తీసుకుంటారా, లేక అసలు పట్టించుకోరా?