వియత్నాం వెళ్లి కూడా పప్పు, పనీరేనా?

కృష్ణాతీరం:
డిసెంబర్‌లో అమ్మానాన్నలతో హనోయ్, హాలాంగ్ బే, దనాంగ్, హోయి ఆన్ వెళ్తున్నాం. ప్యాకేజీలో రెండు పూటలా ఇండియన్ భోజనమే. నాకూ తమ్ముడికీ అక్కడి తిండి తినాలని ఉంది. నాన్న శాకాహారి. "డబ్బు కట్టిన భోజనం వదిలేసి బయట ఎందుకు? కడుపు పాడైతే ట్రిప్పంతా పోతుంది" అంటున్నారు. మీరేమంటారు?

గోదారిగట్టు:
నాన్నగారి మాటే కరెక్టండీ. అక్కడ ఆకుకూర వేపుడులో కూడా చేపల సాస్ వేస్తారు. నూడుల్స్ సూప్‌కి గొడ్డు ఎముకలు మరిగించిన నీళ్లు. మనకు భాష రాదు, వాళ్లకు మన నియమాలు తెలియవు. పెద్దవాళ్లు నిశ్చింతగా రెండు ముద్దలు తినగలిగితేనే చూసిన ఊరు ఒంటబడుతుంది.

ఊరూరా:
చేపల సాస్ సంగతి నిజమే, అందులో వాదన లేదు. కానీ వియత్నాంలో శాకాహారం దొరకదన్నట్టు మాట్లాడటం అన్యాయం. అక్కడ బౌద్ధుల శాకాహారాన్ని 'చాయ్' అంటారు. ఆ మాట బోర్డు మీద ఉన్న హోటల్లో మాంసం, చేపల సాస్ ఉండవు. సంప్రదాయం పాటించే చోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. గుడ్డు గురించి మాత్రం అడగండి. చాంద్రమాసం మొదటి రోజున, పదిహేనో రోజున చాలామంది మాంసం ముట్టరు. పంచాంగంలో అమావాస్య, పౌర్ణమి ఎప్పుడో చూసుకుంటే ఆ రోజులు దాదాపు తెలిసిపోతాయి. ఒక్క మాట నాన్నగారికి ముందే చెప్పండి: పళ్లెంలో మాంసంలా కనిపించేవి సోయాతోనో గోధుమ పిండితోనో చేసిన ముక్కలు. చూసి కంగారు పడతారు.

ఆయనకు తప్పక పెట్టాల్సింది బాన్ సెయో, చాయ్ రకం. బియ్యప్పిండిలో పసుపు, దక్షిణాదిలోనైతే కొబ్బరిపాలు కూడా కలిపి, వేడి పెనం మీద చుయ్‌మనేలా పోస్తారు. లోపల పుట్టగొడుగులు, టోఫు, మొలకలు. అంచులు కరకరలాడతాయి. ముక్క తుంచి, పాలకూరంత పెద్ద పచ్చి ఆకులో పుదీనాతో కలిపి చుట్టి, సాస్‌లో ముంచి తినాలి. అట్టు తిని పెరిగిన మనిషికి ఇది కొత్త తిండి అనిపించదు.

మీరిద్దరూ మాంసం తింటారంటే హోయి ఆన్‌లో కావ్ లావ్ వదలొద్దు. లావాటి నూడుల్స్, పంది మాంసం, పచ్చి ఆకులు, అడుగున కొంచెమే రసం. ఆ పిండి కలపడానికి ఆ ఊళ్లోని పాత బావి నీళ్లే వాడాలని అక్కడి ఆనవాయితీ. 1999 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్న ఊరది. వీధులు చూసి, ఫొటోలు దిగి, బస్సెక్కి బటర్ నాన్‌కి వెళ్లిపోతే సగం ఊరు చూడనట్టే అని నా గట్టి నమ్మకం. హనోయ్‌లో గుడ్డు కాఫీ కూడా అంతే. 1946లో పాలకు కరువొస్తే పచ్చసొన గిలక్కొట్టి పాలకు బదులు వేశారు. ఆ కప్పులో ఆ కాలం చరిత్ర ఉంది.

గోదారిగట్టు:
చాయ్ హోటళ్ల సంగతి నాకు తెలియదు, మంచి మాట చెప్పారు. కానీ ముప్పై మంది ఉన్న బస్సు ఒక్క కుటుంబం కోసం ఆగదు కదా? పైగా షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు భోజనం వేళకే పడాలి.

ఊరూరా:
అందుకే భోజనాలన్నీ మానమనడం లేదు. రాత్రి ఇండియన్ భోజనం అలాగే ఉంచుకోండి, పెద్దవాళ్లకు ధైర్యం. హనోయ్‌లో ఒక మధ్యాహ్నం, హోయి ఆన్‌లో ఒక సాయంత్రం మాత్రం ఖాళీగా వదలమని ఆపరేటర్‌ని బుకింగ్ అప్పుడే అడగండి. బయల్దేరాక అడిగితే హోటల్‌కి డబ్బు కట్టేశామంటారు. జనం కిటకిటలాడే కొట్టు, మీ కళ్ల ముందే పొయ్యి మీంచి దిగే వంటకం, సీల్ ఉన్న నీళ్ల సీసా: కడుపు విషయంలో ఈ జాగ్రత్తలు చాలు.

కృష్ణాతీరం:
నాన్నకు చదివి వినిపించాను. చాయ్ హోటల్‌కి ఒప్పుకున్నారు, వీధి కొట్లకు ఇంకా లేదు. రేపు ఆపరేటర్‌తో ఆ రెండు పూటల గురించి మాట్లాడతాను. హనోయ్ పాత బజారు దగ్గర మంచి చాయ్ హోటల్ తెలిసినవాళ్లు చెప్పండి.