షాపు సిస్టమ్‌కి అప్‌డేట్ ఎప్పుడు వేయాలి?

మద్దిలపాలెం జిరాక్స్:
మద్దిలపాలెంలో నాకు జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. రెండు సిస్టమ్‌లు, రెండూ విండోస్ 11. మొన్న బుధవారం ఉదయం పదకొండింటికి యూనివర్సిటీ పిల్లలు పదిమంది ప్రాజెక్టు రిపోర్టుల ప్రింటుకి నిలబడి ఉన్నారు. తెరమీద ఏదో అడిగిందని మా కుర్రాడు చదవకుండానే రీస్టార్ట్ నొక్కేశాడు. నలభై నిమిషాలు చక్రం తిరుగుతూనే ఉంది. "బేగి అవ్వదా అన్నా, నాలుగింటికి సబ్మిట్ చేయాలి" అని ఒకమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. చివరికి అందర్నీ నేనే పక్క షాపుకి పంపాను. (అక్కడ పేజీకి రూపాయి ఎక్కువ, అది వేరే సంగతి.) సిస్టమ్ తెరుచుకున్నాక ప్రింటర్ కనబడలేదు, డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) మళ్లీ వేస్తేగానీ కదల్లేదు. అప్పట్నుంచి అప్‌డేట్ అంటేనే టెన్షన్. మొత్తానికే ఆపేద్దామనుకుంటున్నా. తప్పంటారా?

గాజువాక స్టూడియో:
ఆపేయండి మాస్టారూ. నాలుగేళ్ల నుంచి నాది అలాగే ఉంది, ఏమీ కాలేదు.

రుషికొండ నైట్‌షిఫ్ట్:
స్టూడియో గారూ, మీ అదృష్టం గట్టిది. 2017లో వానాక్రై అని, ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్ ఒకటి వచ్చింది. అది వాడుకున్న విండోస్ లోపానికి ప్యాచ్, అంటే దాన్ని సరిచేసే అప్‌డేట్, మార్చి 14నే వచ్చింది. దాడి మొదలైంది మే 12న. మధ్యలో రెండు నెలలున్నా వేసుకోని సిస్టమ్‌లు బలైపోయాయి, మన ఆంధ్ర పోలీసుల కంప్యూటర్లు కొన్నింటికీ అది తగిలింది.

అలాగని వచ్చిన గంటకే వేసుకోమని అనను. 2018 అక్టోబరులో విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొందరి ఫైళ్లు చెరిపేస్తే, కొద్దిరోజులకే దాన్ని ఆపేశారు.

జిరాక్స్ గారూ, ఊళ్లోవాళ్ల పెన్‌డ్రైవ్‌లన్నీ మీ సిస్టమ్‌లోనే దూరుతాయి కాబట్టి మీరైతే అస్సలు ఆపకూడదు. బుధవారమే ఎందుకు అడిగిందంటారా? నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్లు రెండో మంగళవారం అమెరికాలో పొద్దున వదులుతారు, మనకప్పుడు రాత్రి. మీరు షట్టర్ ఎత్తేసరికి దిగి కూర్చుంటాయి. అందుకని మీ సిస్టమ్‌కి విండోస్ అప్‌డేట్ సెట్టింగ్స్‌లో ఒక వారం పాజ్ పెట్టండి, ఐదు వారాల వరకూ పెట్టుకోవచ్చు. ఈలోగా కుర్రాడి సిస్టమ్‌లో వేసి ప్రింట్ వస్తుందో లేదో చూడండి. అదే సెట్టింగ్స్‌లో యాక్టివ్ అవర్స్ దగ్గర షాపు టైం పెడితే ఆ గంటల్లో దానంతటది రీస్టార్ట్ అవ్వదు. ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్‌కి నెలా రెండు నెలలు ఆగినా ఫర్వాలేదు. బ్రౌజర్‌ది మాత్రం ఎప్పటికప్పుడు వేసేయండి.

గాజువాక స్టూడియో:
నాలుగేళ్లవి ఒకేసారి వేస్తే పెళ్లి ఆల్బమ్‌లు పోవు కదా?

రుషికొండ నైట్‌షిఫ్ట్:
ముందు హార్డ్‌డిస్క్‌లో కాపీ తీసుకోండి. ఇవాళే.

మద్దిలపాలెం జిరాక్స్:
సరే. ఈ ఆదివారం మధ్యాహ్నం షాపు కట్టేశాక కుర్రాడి దానికి, పై ఆదివారం నా దానికి. ప్రింటర్ డ్రైవర్ ఒక పెన్‌డ్రైవ్‌లో దాచి ఉంచా. యూపీఎస్ ఐదు నిమిషాలకే కీచుమంటోంది, ఆ బ్యాటరీ మార్చాకే మొదలుపెడతా. కుర్రాడు అప్పుడే "రీస్టార్ట్ నేను నొక్కనా అన్నా" అని అడుగుతున్నాడు.