ప్రొలాక్టినోమా మాత్రలకు ముందు జీన్ టెస్ట్ చేయించాలా?

జిజ్ఞాస:
మా అన్నయ్యకు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ తయారుచేసే గడ్డ (ప్రొలాక్టినోమా) ఉందని తేలింది. డాక్టర్ కేబర్గోలిన్ రాశారు. ఈ మందు వాడితే కొందరు జూదానికో, అదుపులేని షాపింగ్‌కో అలవాటు పడతారని, లైంగిక కోరికలు హద్దు దాటుతాయని చదివాను. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. ఇది జన్యువులను బట్టి ఉంటే ముందే టెస్ట్ చేయించవచ్చు కదా?

తూనీగ:
చేయించాలనే నేనంటాను. ఈ మందు గడ్డను కుదించేది డి2 రిసెప్టర్ల ద్వారా, అంటే డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని అందుకునే కణాల మీది గ్రాహకాల ద్వారా. కానీ మెదడులో సుఖాన్ని, ఆశను నడిపించే భాగంలో డి3 రిసెప్టర్లు ఎక్కువ. మందు వాటినీ తాకుతుంది. ఆ రిసెప్టర్ జన్యువు అందరిలో ఒకేలా ఉండదు. డోపమైన్ మందులు వాడే పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) రోగులపై 2016లో వచ్చిన అధ్యయనం ఈ సమస్యలో వంశపారంపర్యం వాటా 57 శాతం అని అంచనా వేసింది. ఇది తెలిసీ పట్టించుకోకుండా ఎలా ఉంటాం?

సంజె:
తూనీగ గారూ, అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది. ఈ సమస్య ఎవరికి వస్తుందో గుడ్డిగా చెబితే 50, ఒక్క తప్పూ లేకుండా చెబితే 100 అనుకుంటే, వయసు, మందుల వంటి వివరాలతో వచ్చింది 65. జన్యువులు కలిపితే 76. పెరిగిన మాట నిజమే, కానీ ఒక మనిషికి 'నీకేం కాదు' అని చెప్పడానికి అది చాలదు. పైగా పార్కిన్సన్స్‌లో డోపమైన్ కణాలే నశిస్తుంటాయి, డోసులూ పెద్దవి. ప్రొలాక్టినోమాకు మామూలుగా వారం మొత్తానికి 0.5 నుంచి 2 మిల్లీగ్రాములే.

నా భయం వేరే. రిపోర్టులో రిస్క్ తక్కువని వస్తే ఇంట్లోవాళ్లు గమనించడం మానేస్తారు. ఈ మార్పు రోగికి జబ్బులా అనిపించదు, హుషారుగా ఉన్నానని అనుకుంటాడు. ముందు పసిగట్టేది పక్కనున్నవాళ్లే.

తూనీగ:
మా బంధువు ఒకాయన ఇదే మందు వాడుతూ బెట్టింగ్‌లో పడ్డారు. ఇంటిల్లిపాదీ ఆయన్ని తిట్టారు. జన్యువుల సంగతి తెలిసుంటే ఆ నింద ఉండేది కాదు.

సంజె:
చాలా బాధగా ఉందండీ. కానీ మందు వల్ల ఇలా జరగొచ్చని ఒక్క మాట ముందే చెప్పి ఉంటే చాలు కదా? చెప్పారా?

తూనీగ:
లేదు. వికారం, తల తిరగడం గురించే చెప్పారు.

జిజ్ఞాస:
అలాంటివి కనిపిస్తే మాత్ర ఆపేయాలా?

సంజె:
సొంతంగా ఆపకండి, గడ్డ మళ్లీ పెరగొచ్చు. వెంటనే డాక్టర్‌కు చెప్పండి. డోసు తగ్గించినా, ఆపించినా చాలామందిలో ఆ ప్రవర్తన సర్దుకుంటుంది. ముక్కు ద్వారా చేసే ఆపరేషన్ కూడా ఉంది. అన్నయ్యకు ఇదివరకే జూదం, తాగుడు అలవాటు గానీ, మానసిక సమస్య గానీ ఉంటే దాచకుండా ఇప్పుడే చెప్పండి. వదిన గారుంటే ఆవిణ్ణీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ప్రతి విజిట్‌లో డబ్బు ఖర్చు, కోరికల గురించి సూటిగా అడగమనండి. సిగ్గుపడి వాళ్లంతట వాళ్లు చెప్పరు.

తూనీగ:
ఇందులో నాకు అభ్యంతరం లేదు. ప్రొలాక్టినోమా రోగుల మీదే విడిగా పెద్ద జన్యు పరిశోధన జరగాలన్న మాట మాత్రం వదలను. పార్కిన్సన్స్ అంకెలతో ఎంతకాలం సరిపెట్టుకుంటాం?