రామప్ప గుడి మదనికలు చూరు బరువు మోస్తున్నాయా, అలంకారమేనా?

పాలంపేట రామప్ప గుడి (శాసనం 1213) మహామండపానికి తూర్పు, దక్షిణ, ఉత్తర ద్వారాల దగ్గర బయటి స్తంభాల నుంచి చూరుకు ఏటవాలుగా ఎక్కిన 12 మదనికల (స్త్రీమూర్తుల శిల్పాల) గురించి ఒక సందేహం. ఆలయ నిర్మాణం, జీర్ణోద్ధరణ తెలిసినవారు చెప్పగలరా?

ముందుకు చొచ్చుకొచ్చిన చూరుపలక ఒరగకుండా ఉండాలంటే, లోపలి చివర దూలం మీద దానికి తగినంత బరువు కూర్చోవాలి. అది సరిపోతే మదనిక మీద భారమే పడదు. సరిపోకపోతే ఆ భారం శిల్పం గుండా స్తంభానికి దిగాలి. అప్పుడు అతి సన్నని చోట, అంటే చీలమండ దగ్గరో నడుము దగ్గరో, పగులు రావాలి. నల్లరాయి ఎంత గట్టిదైనా వంపును తట్టుకోవడంలో బలహీనమే కదా!

కాబట్టి దగ్గరగా పరిశీలించినవారు ఈ రెండూ చెప్పండి: శిల్పం పైకొనకూ చూరుకూ మధ్య సందు ఉందా? అడుగున గాడిలో దిగిందా, ఊరికే ఆనిందా?

ఇంకొకటి. ఈ మదనికల్లో పాము చుట్టుకున్న నాగిని ద్వారం దగ్గరే ఎందుకు? రక్షణ కోసమా, సంతానసమృద్ధికి గుర్తా? కర్ణాటకలోని బేలూరు చెన్నకేశవ ఆలయంలోనూ (1117) మదనికలున్నాయి కనుక, పోల్చి చెబితే మరీ మేలు.