అప్‌డేట్: డాడ్జర్స్ వరస గెలుపుల్ని నమ్మొచ్చా అని అడిగింది నేనే

పోయిన వారం అడిగాను కదా: నా అభిమాన అమెరికన్ బేస్‌బాల్ టీమ్ లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 162 మ్యాచ్‌ల సీజన్‌లో మొదటి ఏడూ గెలిస్తే అప్పుడే ఆశ పెట్టుకోవచ్చా అని. తొందరపడొద్దని చాలామంది చెప్పారు. థాంక్యూ.

ఎనిమిదోది కూడా గెలిచాం! అమెరికాలో 2025 ఏప్రిల్ 2 రాత్రి, మాకు నెల్లూరులో మర్నాడు పొద్దున. అట్లాంటా టీమ్ మీద 0-5తో వెనకబడ్డాం. మా ఆటగాడు మన్సీ విసిరిన త్రోలు రెండు గురి తప్పాయి, నాకైతే ఏడుపొచ్చింది. అదే మన్సీ ఎనిమిదో ఇన్నింగ్‌లో డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే షాట్) కొట్టి 5-5 చేశాడు. తప్పు చేసినవాడే దిద్దుకోవడం నాకు అన్నిటికంటే నచ్చింది. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్‌లో మా ఒహ్తానీ కొట్టిన బంతి సెంటర్ ఫీల్డ్ గోడ దాటింది. 6-5. నేను అరిచిన అరుపుకి వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది, చేతికి దోసెల పిండితోనే.

రొయ్యల గుంట నుంచి అప్పుడే వచ్చిన నాన్న బురద కాళ్లతో గడపలోనే నిలబడి, "సిక్సరేనా?" అన్నాడు. అలాంటిదే నాన్నా, దాంతో మ్యాచ్ కూడా అయిపోయింది అన్నాను. కూర్చుని రీప్లే రెండుసార్లు చూశాడు. ఇన్నేళ్లలో నాతో బేస్‌బాల్ చూడటం ఇదే మొదలు.

శనివారం తెల్లవారుజామున మాత్రం ఫిలడెల్ఫియా చేతిలో 2-3తో ఓడాం. టెన్షన్‌తో నిద్రే లేదు. అయినా ఎనిమిది గెలుపులు, ఒక్క ఓటమి అంటే చాలా మంచి ఆరంభం, నా ఆశ తగ్గలేదు. నాన్న గుంటకి వెళ్తూ, "మళ్లీ ఎప్పుడుంది రా?" అని అడిగాడు.