కాలేజీలో అబ్బాయిలనూ అమ్మాయిలనూ కలిపి కూర్చోబెట్టి సుఖవ్యాధుల కౌన్సెలింగా?

అలిపిరి_అన్న: మా తమ్ముడు తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం. పోయిన వారం కాలేజీలో లైంగిక వ్యాధులు రాకుండా ఎలా జాగ్రత్తపడాలో గంటసేపు చెప్పారట. అందరూ ఒకే హాల్లో. చెక్క బొమ్మకు కండోమ్ తొడిగి చూపించారట. వాడు ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. మా అమ్మ రాత్రి అన్నం ముట్టలేదు. మీరేమంటారు?

చిత్తూరు_మాస్టారు: ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ని. విషయం చెప్పొద్దని నేననను. కానీ ఆ చెక్క బొమ్మ ఎందుకు? నోటితో చెబితే అర్థం కాదా? ఆడపిల్లలు తలెత్తి చూడగలరా?

కోనేటి_గట్టు: ఎయిడ్స్ ప్రచారానికి పులిరాజా పోస్టర్లు ఊరంతా అంటించినప్పుడు కూడా ఇదే గోల. 😀

తెల్లకోటు: పన్నెండేళ్లుగా కౌన్సెలర్‌ని. మాస్టారూ, నోటితో చెబితే ఏమవుతుందో చూశాను. కొనలో గాలి ఉండిపోతుంది, చినుగుతుంది. రెండు వేసుకుంటే డబుల్ సేఫ్టీ అనుకునేవాళ్లూ ఉన్నారు, రాపిడికి అవి ఇంకా తొందరగా చినుగుతాయి. కండోమ్ ఒక్కటే చాలదని కూడా చెబుతాం. హెర్పిస్, హెచ్‌పీవీ అనే వైరస్‌లు చర్మం తగిలినా అంటుకోవచ్చు. అందుకే హెచ్‌పీవీ టీకా గురించి చెప్పాలి, అదీ ముందే వేయించుకుంటే మంచిది. క్లమీడియా అనే సుఖవ్యాధి అయితే చాలామందిలో ఏ లక్షణమూ కనిపించదు. బాగానే ఉన్నాం కదా అని తిరుగుతుంటారు.

చిత్తూరు_మాస్టారు: టీకాల సంగతి నేనడగలేదు. చెక్క బొమ్మ సంగతి అడిగాను.

లీలామహల్_రాజు: మాస్టారు ఆ బొమ్మను వదిలేలా లేరప్పా.

చంద్రగిరి_కుర్రోడు: నాదొక మాట. 22 ఏళ్లప్పుడు భయమేసి ఒక ప్రైవేటు ల్యాబుకు పోయి హెచ్ఐవీ టెస్టు చేయించుకున్నా. ఆ పని జరిగి ఐదో రోజు. ల్యాబులో ఉన్నాయన మా నాన్నకు తెలిసినవాడు. నేను బైకు మీద ఇంటికి చేరేలోపు ఆయన ఫోన్ చేరింది. నాన్న వసారాలో చెప్పు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. రిపోర్టు నెగటివ్. కానీ ఐదు రోజులకు ఏమీ తేలదని తర్వాతెప్పుడో తెలిసింది. మళ్లీ చేయించుకోవాలంటే రెండేళ్లు ధైర్యం చాలలేదు. ఇలాంటి క్లాసు మాకెవరూ పెట్టలేదు.

తెల్లకోటు: ఐదు రోజులకు రక్తంలో యాంటీబాడీలు తయారే కావు తమ్ముడూ. మూడు నెలలకు మళ్లీ చేయించుకోవాలి. 72 గంటల లోపు వచ్చుంటే 28 రోజులు మందులిచ్చి ఆపడానికి వీలుండేది. ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ హెచ్ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రంలో, టెస్టు ఉచితం. నువ్వు ఒప్పుకోకుండా నీ హెచ్ఐవీ సంగతి బయట చెప్పడం 2017 హెచ్ఐవీ చట్టానికి విరుద్ధం.

చిత్తూరు_మాస్టారు: తండ్రి ‘బయట’ మనిషా?

తెల్లకోటు: పద్దెనిమిది దాటితే, అవును.

పుత్తూరు_పద్మ: ఇంటర్ పిల్లలైతే?

తెల్లకోటు: అక్కడ పోక్సో ఉంది అక్కా, పిల్లలపై లైంగిక నేరాల చట్టం. పద్దెనిమిది లోపు వాళ్ల విషయం తెలిస్తే డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలి. ఇక్కడ మాట్లాడేది డిగ్రీ పిల్లల గురించి.

చిత్తూరు_మాస్టారు: అవును అని ఎంత తేలిగ్గా అనేశారమ్మా! నెలనెలా మెస్సు ఫీజు కట్టేవాడు బయటివాడు, గంటసేపు మాట్లాడిపోయిన మీరు లోపలివాళ్లా? మీకు పిల్లలున్నారా?

తెల్లకోటు: ఉన్నారు. నా కొడుకు నాకు చెప్పకపోయినా ఎవరికో ఒకరికి చెబితే చాలనుకుంటాను. మీ పరువు కోసం వాడు ముడ్డి కింద చీము కారుతున్నా మూసుకుని కూర్చోవాలా?

లీలామహల్_రాజు: మేడం, కాస్త మెల్లగా.

చిత్తూరు_మాస్టారు: సరే, చెబుతాను. మా వాడు మద్రాసులో చదువుతున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఉతకడానికి ప్యాంటు తీస్తే జేబులో నాలుగు మడతలు పెట్టిన ఓపీ చీటీ. పైన చర్మ, సుఖవ్యాధుల విభాగం అని, కింద రెండు మాత్రల పేర్లు. ఇవి దేనికని మా వీధిలో మెడికల్ షాపులో అడిగాను. ఆ పిల్లాడు చీటీ చూసి నన్ను చూసి, ఎవరికి సార్ ఇది అన్నాడు. వాడికి ఇరవై ఒకటి. జ్వరమొస్తే నా పక్కలో పడుకున్న బిడ్డ. ముక్కూ మొహం తెలియని డాక్టరుకు చెప్పుకున్నాడు, నాకు చెప్పలేదు. అప్పటి నుంచి మాటల్లేవు.

చంద్రగిరి_కుర్రోడు: మాస్టారూ, మెడికల్ షాపులో అడిగారా? మా నాన్నకు ఫోన్ చేసిన ల్యాబు ఆయనకూ మీకూ తేడా ఏముంది?

చిత్తూరు_మాస్టారు: (రెండు గంటల తర్వాత) ఆ కోణంలో ఆలోచించలేదు.

తెల్లకోటు: ఇందాక కోపంలో మాట తూలాను, ఏమనుకోకండి. చీటీ ఉందంటే వాడు డాక్టరు దగ్గరికి పోయాడు. చాలామంది అక్కడిదాకా పోరు, షాపులో ఏదో ట్యూబు కొనుక్కుని పూసుకుంటారు. మందు వాడాడంటే తగ్గే ఉంటుంది. కానీ ఒకటి. అవతలి మనిషికీ వైద్యం చేయకపోతే మళ్లీ అంటుకోవచ్చు.

చిత్తూరు_మాస్టారు: ఆ అమ్మాయికి మందు ఇప్పించారో లేదో ఎవరిని అడగాలి?

తెల్లకోటు: మీ అబ్బాయిని.

చిత్తూరు_మాస్టారు: ఆ చెక్క బొమ్మ మాత్రం తప్పే.